గుమ్మం దాటి ఒక జానెడు

కాల్డర్‌విల్‌లో పొద్దున ఆరున్నరకల్లా పసుపు పచ్చ చొక్కాల వాళ్లు చీపుళ్లతో బయల్దేరతారు. మెయిన్ స్ట్రీట్ పొడవునా ఒక్క సిగరెట్ పీక కూడా మిగల్చకుండా ఊడ్చుకుంటూ చెస్ట్‌నట్ వీధి మూలకొచ్చి, అక్కడ ఆగిపోతారు. రోడ్డు దాటితే లోకస్ట్ వీధి. అది వాళ్ల హద్దులో లేదు. కాఫీ కప్పు దొర్లుకుంటూ రోడ్డు దాటిందంటే ఇక దాని సంగతి చూడాల్సింది లుడీ హుడాకే.

లుడీకి డెబ్బై నాలుగేళ్లు. లోకస్ట్ వీధిలో పద్నాలుగు గుమ్మాలుంటే పదకొండింటికి ప్లైవుడ్ చెక్కలు కొట్టేసి ఉన్నాయి. తెరిచి ఉన్నవి ఒక లాండ్రీ, ఒక బారు, ఆవిడ యూనిఫారాల కొట్టు. లాండ్రీ వాళ్లకి ఊడ్చే తీరిక లేదు. బారు వాళ్లు మధ్యాహ్నానికి గానీ లేవరు. అందుకని ఆ పద్నాలుగు గుమ్మాల ముందూ రోజూ ఆవిడే ఊడుస్తుంది. మధ్యమధ్యలో నడుం పట్టుకుని నిలబడి, రోడ్డుకవతల ఊడ్చే డ్వేన్ అనే అబ్బాయిని ఓ మాటంటుంది. అదీ రోజూ ఉన్నదే.

"ఇంకో నాలుగడుగులు ఇటేస్తే అరిగిపోతావా?"

"నాకేం మిసెస్ హుడాక్, వేస్తాను. తర్వాత మా ఆఫీసులో నాకు అక్షింతలు పడతాయి. ఆ గీత ఎవరు గీశారో వాళ్లనే అడగండి."

డ్వేన్ ఇంకా పుట్టకముందు గీసిన గీత అది. ఎవరు గీయించారో అతనికి తెలియదు. లుడీకి తెలుసు. గీయించింది తనే కనుక, ఆ మాట వచ్చినప్పుడల్లా మళ్లీ చీపురు అందుకుని వెనక్కి తిరిగిపోతుంది.

ఆవిడ పుట్టింది ఆ కొట్టు మీది గదిలోనే. తండ్రి ష్టెఫాన్ స్లోవాక్ కొండల్నుంచి వచ్చి, ఉక్కు మిల్లులో చేరి, కుడిచేతి వేళ్లు రెండు మిల్లుకిచ్చేసి, మిగిలిన మూడింటితో కుట్టు మిషను నేర్చుకున్నవాడు. 'హుడాక్ యూనిఫారాలు' అని బోర్డు పెట్టాడు. ఆ బోర్డుకున్న బలం ఎంతంటే, లుడీ పెళ్లి చేసుకుని ఇంటిపేరు మార్చుకున్నా ఊరంతా ఆవిణ్ణి మిసెస్ హుడాక్ అనే పిలిచింది. మొగుడు ఎమిల్‌ని కూడా మిస్టర్ హుడాక్ అనేవాళ్లు. "నేను పిల్లని కాదు, బోర్డుని చేసుకున్నాను" అని అతను వీధిలోని స్లోవాక్ క్లబ్బులో చెప్పి నవ్వించేవాడు.

నర్సులకి తెలుపు, హోటల్ పిల్లలకి గులాబీ రంగు, బస్సు డ్రైవర్లకి బూడిద రంగు, మిల్లు వాళ్లకి ముదురు నీలం. ఏ బట్టయినా జేబు మీద ఎర్ర దారంతో పేరు పడాల్సిందే. బల్ల కింద పిడి తిప్పుతూ గొలుసుకుట్టు వేసే పాత మిషను మీద లుడీ పన్నెండో ఏట కూర్చుంది. ఊళ్లో నడిచే ప్రతి మనిషి గుండె మీదా ఆవిడ చేతిరాత ఉండేదంటే ఎక్కువ చెప్పినట్టు కాదు. కొత్తగా పనిలో చేరినవాడు పేరు కుట్టించుకుంటే గానీ ఇంట్లో వాళ్లు నమ్మేవాళ్లు కాదు. తర్వాత మిల్లు మూతపడ్డప్పుడు కొందరు చొక్కాలు పట్టుకొచ్చి, పేరు విప్పెయ్యండి, వేరేచోట వేసుకుంటాం అన్నారు. లుడీ విప్పలేదు. "ఉంచుకోండి, మళ్లీ పిలుస్తారు" అంది. ఎవరూ పిలవలేదు. అయినా ఆ చొక్కాలు ఇప్పటికీ కొన్ని ఇళ్లల్లో అలమరాల్లో వేలాడుతున్నాయి.

ఆ రోజుల్లో శుక్రవారం సాయంత్రం లోకస్ట్ వీధిలో భుజం తగలకుండా నడిచినవాడు లేడు. జీతాలొచ్చే రోజు అది. మిల్లు కూత వినపడగానే అన్ని కొట్ల తలుపులూ బార్లా తెరుచుకునేవి. బూట్ల కొట్లోంచి తోలు వాసన, క్లబ్బులోంచి వెన్నలో వేగిన క్యాబేజీ వాసన, వాటన్నిటి మీదుగా కరాస్ మిఠాయి కొట్టులోంచి కరుగుతున్న చాక్లెట్ వాసన. పిల్లలు అద్దాలకి ముక్కులానించి నిలబడితే ఎవరూ కసిరేవాళ్లు కాదు. ఇవన్నీ తలుచుకుంటే లుడీకి కళ్లలో నీళ్లు తిరుగుతాయి, అందులో దాచుకునేదేం లేదు. అప్పుడా వీధిలో బతికినవాళ్లలో ఎవరికి తిరగవు?

ఆ వీధికో చాదస్తం ఉండేది. ఏడు కొట్టేలోగా ఎవరి గుమ్మం ముందు ఫుట్‌పాత్ వాళ్లే ఊడ్చుకోవాలి. యజమానే ఊడవాలి, పనివాళ్లకి చెప్పకూడదు. తన హద్దు దాకా ఊడ్చి ఆపకూడదు కూడా. పక్కవాడి హద్దులోకి ఒక జానెడు వెళ్లి అప్పుడు చీపురెత్తాలి. పక్కవాడూ అలాగే ఇటు జానెడు వస్తాడు. ఎందుకయ్యా ఒకేచోట రెండుసార్లు అని అడిగితే ఎవరూ చెప్పలేకపోయేవారు. పక్కవాడికి జ్వరమొస్తే మాత్రం ఆ జానెడే గుమ్మం మొత్తం అయ్యేది. ఎమిల్ ఆస్పత్రిలో ఉన్న పదిహేను రోజులూ లుడీ గుమ్మం ముందు ఆవిడ లేచేసరికే ఊడ్చి ఉండేది. ఊడ్చింది పక్క కొట్టు ఫీలో కరాస్.

ఫీలో గ్రీకువాడు. అసలు పేరు థియోఫిలోస్. అతని దగ్గర ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని రాగి బాణలి ఒకటుండేది. ఈస్టరు ముందు అందులో కరిగించి చాక్లెట్ కుందేళ్లు పోసేవాడు. వాటికోసం పిల్లల వరస అతని గుమ్మంలో మొదలై లుడీ గుమ్మం దాటి వీధి చివర దాకా సాగేది. చలిలో నిలబడ్డ తల్లులకి లుడీ కాఫీ పోసేది. అందులో సగం మంది మొహమాటానికైనా ఓ ఏప్రన్ కొనుక్కుపోయేవారు. గ్రీకుల ఈస్టరు ఒక వారం, వీళ్ల ఈస్టరు ఇంకో వారం. అందుకని రెండిళ్ల మధ్యా పళ్లేలు రెండుసార్లు తిరిగేవి. ఇటునుంచి అక్రోటు పప్పు నింపిన తీపి రొట్టె వెళ్తే అటునుంచి పంచదార పొడి చల్లిన బిస్కెట్లు వచ్చేవి. ఫీలో కూతురు దెస్పినా ఆ పళ్లెం పట్టుకుని "పిన్నీ" అంటూ లోపలికొచ్చి, గొలుసుకుట్టు మిషను పిడి తిప్పుతానని మారాం చేసేది.

తర్వాత హైవే పక్కన మాల్ వచ్చింది. మిల్లు పోయింది. జనం పలచబడ్డారు. తొంభై ఎనిమిదిలో ఊరి పెద్దలు డౌన్‌టౌన్ మండలి అని ఒకటి తలపెట్టారు. నడిబొడ్డున కట్టడాలున్న వాళ్లంతా ఏటా తలా కొంత వేసుకోవాలి. దాంతో మనుషుల్ని పెట్టి వీధులు ఊడిపిస్తారు, దీపాలు పెడతారు, పూలబుట్టలు వేలాడదీస్తారు, ఖాళీ కొట్లకి మనుషుల్ని వెతుకుతారు. పటం మీద గీత గీసి, ఇందులో పడ్డవాళ్లు ఎవరైనా కాదనేట్టయితే నలభై అయిదు రోజుల్లో కాగితం మీద రాసివ్వండి అన్నారు.

లోకస్ట్ వీధి వాళ్లు స్లోవాక్ క్లబ్బు కింది హాల్లో చేరారు. అందరికీ ముక్కు మీద కోపం. మన వీధి ఊడవడానికి కూలివాళ్లా అని ఒకటే రుసరుసలు. ఔనని లేచినవాడు ఫీలో ఒక్కడే.

"మనం ఊడుస్తాం, బానే ఉంది," అన్నాడు టోపీ చేతిలో నలుపుకుంటూ. "ఇక్కడ అరవై దాటనివాళ్లు ఎంతమందో ఓసారి చూసుకోండి. మన పిల్లల్లో చీపురు పట్టేవాడెవడో చెప్పండి. మనం పోయాక ఊడ్చేదెవరు?"

అప్పుడే లుడీ నోరు జారింది. నిజానికి జారలేదు, కావాలనే అంది.

"నా గుమ్మంలో చెత్త ఇంకోళ్ల చేత ఎత్తించుకునేంత దొరసాన్ని కాలేదు ఫీలో. నీకు నడుం వంగటం లేదంటే చెప్పు, నీది కూడా నేనే ఊడ్చిపెడతా."

అందరూ పగలబడి నవ్వారు. ఫీలో కూర్చున్నాడు. ఇంటికి నడిచొస్తూ ఎమిల్ అన్నాడు: "బాగా నవ్వించావే. వాడడిగినదానికి మాత్రం జవాబు చెప్పలేదు."

మర్నాటి నుంచి లుడీ కాగితం పట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగింది. మొదటి సంతకం తనదే. పద్నాలుగు గుమ్మాల్లో పదమూడు సంతకాలొచ్చాయి. వీధి వీధంతా వద్దంటుంటే మనకెందుకని మండలి వాళ్లు గీతని చెస్ట్‌నట్ మూలలో ఆపేశారు. క్లబ్బులో ఆ రోజు లుడీకి చప్పట్లు కొట్టారు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. కాగితం తిప్పడం మొదలుపెట్టిన రోజు పొద్దున్నే ఆవిడ ఇంకో పని చేసింది. తన ఫుట్‌పాత్ ఊడ్చుకుంటూ వెళ్లి, సరిగ్గా ఫీలో హద్దు దగ్గర చీపురెత్తేసింది. చీపురాగినచోట దుమ్ము సన్నటి గట్టులా అతని గుమ్మం ముందు మిగిలిపోయింది. అవతలి పక్క గడియారాల కొట్టు ముసలాయన అది చూశాడు. అతనూ ఆపేశాడు. వారం తిరిగేసరికి ఫీలోకి ఎదురుపడితే తల తిప్పుకునే దాకా వచ్చింది వీధి. ఫీలో మాత్రం రోజూ తన ముందు ఊడ్చుకుని, ఆ రెండు దుమ్ము గీతలూ ఎత్తి పోసుకుని, ఎప్పట్లాగే లుడీ వైపు ఒక జానెడు వచ్చి ఊడ్చేవాడు. లుడీ కొట్టు తెర వెనక నిలబడి చూసేది. బయటికొచ్చి ఒక్క మాట అనడానికి ఆవిడకి కాళ్లు రాలేదు. ఆవిడ పట్టిన పట్టు అలాంటిది.

ఆ ఏడు ఈస్టరు కుందేళ్లు అమ్మడం అయిపోయాక ఫీలో తన కట్టడం అమ్మేసి, రోడ్డవతల మండలి గీత లోపల కొట్టు తీసుకున్నాడు. దెస్పినాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. తండ్రీ కూతుళ్లిద్దరూ రాగి బాణలిని తోపుడు బండి మీద పెట్టి చెస్ట్‌నట్ వీధి దాటించడం లుడీ కిటికీలోంచి చూసింది. ఆ రోజు ఒక నర్సు జేబు మీద కుట్టిన పేరు వంకరపోయి, మొత్తం విప్పి మళ్లీ కుట్టాల్సొచ్చింది.

పిల్లల వరస రోడ్డవతలికి పోయింది. వాళ్ల వెంట తల్లులు పోయారు. మరుసటేడు బూట్ల కొట్టు, ఆపైన గడియారాలు, ఆ తర్వాత క్లబ్బు. మాల్ చంపింది, మిల్లు చంపింది అని జనం అంటారు. అవీ ఉన్నాయి, కాదనలేం. అవతలి వీధికి కూడా అదే మాల్, అదే మిల్లు కదా, అదెలా నిలబడింది? ఈ ప్రశ్న లుడీని ఎవరూ అడగలేదు. ఎమిల్ పోయేదాకా అతనూ అడగలేదు. తనని తను మాత్రం రోజూ పద్నాలుగు గుమ్మాల ముందూ అడుక్కుంటూనే ఉండేది.

ఇరవై అయిదేళ్లు గడిచాక, ఒక మధ్యాహ్నం దెస్పినా కొట్లోకి వచ్చింది. ఇప్పుడామెకి యాభై దగ్గరికొస్తున్నాయి. మిఠాయి కొట్టు ఆమే నడుపుతోంది. మండలికి పెద్ద కూడా ఆమే.

"మిసెస్ హుడాక్," అంది నిలబడే. పిన్నీ అనడం ఎప్పుడో మానేసింది. "ఈసారి గీతని మీ వీధి చివర దాకా జరుపుదామనుకుంటున్నాం. ఇదిగో నోటీసు."

లుడీ మిషను ఆపలేదు. "మీ నాన్నెలా ఉన్నాడు?"

"నోటికేం లోటు లేదు. మోకాళ్లే సహకరించటం లేదు."

"ఎనభై ఎనిమిదా?"

"వచ్చే నెలకి." దెస్పినా కాసేపు ఆ ఎర్ర దారం వంకే చూసింది. "గీత జరిగితే మా పాత కొట్టులో బేకరీ పెడతామని ఇద్దరు మొగుడూ పెళ్లాలు వచ్చారు. దీపాలు, ఊడ్పు ఉంటేనే వస్తామన్నారు. జరక్కపోతే, ఈ వీధిలో నాలుగు కట్టడాలు కొనిపెట్టుకున్న బయటూరి కంపెనీ వాళ్లు వాటిని పడగొట్టి కార్లు పెట్టుకునే స్థలం చేస్తారు. పద్నాలుగు కట్టడాల్లో ఆరు కాదంటే పథకం పోయినట్టే. కంపెనీ వాళ్లు నాలుగు కాగితాలు ఇచ్చేశారు. మూలన కట్టడం ఉన్న పార్కింగ్ ఆయన ఇంకోటి ఇచ్చాడు. మిగతా ఎనిమిది మంది నోరెత్తరు. నోరెత్తకపోతే ఒప్పుకున్నట్టే లెక్క."

"అంటే ఆరోది నాది."

"మీదే."

"నన్ను అడగడానికొచ్చావా?"

"లేదు, చెప్పడానికే వచ్చాను. అడిగితే మీరు కాదంటారని నాన్న అన్నాడు."

ఆ మాటకి లుడీ మిషను ఆపేసింది. దెస్పినా నోటీసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

రెండ్రోజులకి కంపెనీ మనిషి వచ్చాడు. వెండెల్ క్రేన్ అట, ఎక్కడో పెద్ద ఊరి నుంచి. మంచి కోటు, మెత్తటి గొంతు. నింపి తెచ్చిన కాగితం బల్ల మీద పెట్టాడు. ఇక సంతకమే తరువాయి.

"ఇదివరకోసారి మీరొక్కరే ఈ పథకాన్ని ఆపేశారని విన్నానండి. సిటీ హాల్లో ఆ కాగితం చూశాను. మొదటి సంతకం మీదే. ఇవాళ్టికీ ఈ ఊళ్లో మీ మాటకున్న విలువ వేరు."

"ఆ పదమూడు మందిలో ఇప్పుడెంతమంది ఉన్నారో తెలుసా మీకు?"

"తెలియదండి."

"నేనొక్కదాన్నే."

అతను పాపం ఏమనాలో తెలియక అభినందనలు చెప్పాడు. మంగళవారం సాయంత్రం అయిదింటి దాకా గడువుందని, ఆ రోజు నాలుగింటికి కౌన్సిల్ హాల్లో విచారణ ఉంటుందని, కాగితం అక్కడికే తెచ్చినా చాలని చెప్పి వెళ్లాడు. లుడీ దాన్ని సొరుగులో పడేసింది.

ఆ వారమంతా సొరుగు తీస్తూ మూస్తూ ఉంది. సంగతి చాలా సులువు. సంతకం పెడితే ఇరవై అయిదేళ్ల కిందట తను చేసింది ఒప్పే అయినట్టు. ఎమిల్ ముందూ, తండ్రి ముందూ, క్లబ్బులో చప్పట్లు కొట్టినవాళ్లందరి ముందూ తల ఎత్తుకోవచ్చు. వీధి మాత్రం కార్ల కింద పోతుంది. పెట్టకపోతే వీధికి ఊపిరొస్తుంది. అప్పుడిక ఇన్నేళ్లూ తను తప్పులోనే బతికినట్టు లెక్క. ఆ వయసులో అలాంటిది మింగడం ఎవరికైనా కష్టమే. మా లుడీకి మరీ కష్టం.

ఆదివారం చర్చి నుంచి వస్తూ పాత మిఠాయి కొట్టు ముందు ఆగింది. ప్లైవుడ్ సందులోంచి లోపలికి చూసింది. గోడ మీద బాణలి ఆవిరికి పట్టిన గోధుమరంగు మరక అలాగే ఉంది. అక్కడే చాలాసేపు నిలబడి ఏడ్చింది. ఇంటికొచ్చేసరికి ఆవిడ నిర్ణయం అయిపోయింది.

సోమవారం పొద్దున్నే సిటీ హాలుకెళ్లింది. గుమాస్తా ఒడెస్సా పిట్‌మన్ ఆవిణ్ణి చూసి లేచి నిలబడింది.

"మిసెస్ హుడాక్. మా అమ్మ నర్సు బట్టల మీద పేరు మీరే కుట్టారు. ఇంకా దాచుకుంది."

"ఐరిస్ పిట్‌మన్. మూడో అంతస్తు, పిల్లల వార్డు," అంది లుడీ. "మండలికి ఔనని రాసిచ్చే కాగితం ఒకటివ్వమ్మా."

ఒడెస్సా సొరుగులన్నీ వెతికింది. "కాదనేదే ఉందండీ. ఔనడానికి కాగితం లేదు."

"లేకపోవడమేంటి?"

"ఒప్పుకునేవాళ్లు ఇంట్లో కూర్చుంటే చాలండీ. ఏం చెయ్యక్కర్లేదు."

"కాదనడానికి వీధంతా కాళ్లరిగేలా తిరిగాను. ఇప్పుడు ఔనడానికి ఇంట్లో కూర్చోమంటావా?"

"చట్టం అలా ఉందండి మరి."

"చట్టం రాసినవాళ్లు ఎప్పుడూ తప్పు చేసినట్టు లేదు," అంది లుడీ.

ఒడెస్సాకి ఆ మాట అర్థం కాలేదు. ఆవిడ మొహం చూసి మాత్రం జాలేసింది. "మాట్లాడాలనుంటే రేపు విచారణకి రండి. ఎవరికైనా మూడు నిమిషాలిస్తారు. మీ పేరు రాసుకోనా?"

"రాసుకో."

మంగళవారం నాలుగింటికి కౌన్సిల్ హాల్లో పాతిక మంది కూడా లేరు. ముందు వరసలో చక్రాల కుర్చీలో ఫీలో, పక్కన దెస్పినా. వెనక వరసలో క్రేన్ తలుపు వంకే చూస్తున్నాడు. లుడీ చేతిసంచితో రావడం చూసి ఆయన మొహం విప్పారింది. దెస్పినా మొహం మాడింది. ఫీలో అటు చూడనే లేదు.

పథకం చదవడం, పదిమంది మాట్లాడటం అయ్యేసరికి అయిదు కావచ్చింది. అప్పుడు కౌన్సిల్ అధ్యక్షుడు లుడీ పేరు పిలిచి, పేరు చిరునామా చెప్పమన్నాడు. మైకు ఎత్తుగా ఉంది. ఎవరో వచ్చి దించారు.

"లుడ్మిలా హుడాక్. ఇరవై ఏడు, లోకస్ట్ వీధి. ఇరవై అయిదేళ్ల కిందట మీ మండలి వద్దని కాగితం పట్టుకుని తిరిగింది నేనే. అప్పుడు ఫీలో కరాస్ మమ్మల్నందర్నీ ఒక మాట అడిగాడు. మనం పోయాక ఊడ్చేదెవరు అని. నా దగ్గర జవాబు లేక ఆయన్ని నలుగుర్లో నవ్వులపాలు చేశాను. మర్నాడు పొద్దున ఆయన హద్దు దగ్గర చీపురు ఆపేశాను. అదంటే ఏంటో మా వీధిలో పుట్టినవాళ్లకి తెలుసు. నన్ను చూసి అందరూ ఆపారు. ఆయన వెళ్లిపోయాడు. ఆయన వెనకే వీధీ పోయింది. ఆయన చెప్పింది నిజం. తప్పు నాది."

సంచిలోంచి కాగితం తీసింది.

"ఇది ఆ వెనక కూర్చున్న పెద్దమనిషిది. నేను సంతకం పెట్టలేదు. ఆయనకి తిరిగిచ్చెయ్యండి. మండలికి నేను ఔనంటున్నాను. ఊరికే కూర్చుని కాదు, నోటితో అంటున్నాను. రాసుకోండి."

ఒడెస్సా కాగితం అందుకుని వెనక వరసకి తీసుకెళ్లింది. క్రేన్ దాన్ని తీసుకుని జాగ్రత్తగా మడిచి, కోటు సర్దుకుని వెళ్లిపోయాడు. అయిదు అయ్యింది. ఆరో కాగితం రాలేదని అధ్యక్షుడు పైకి చదివి రాయించాడు. దెస్పినా రెండు చేతులతో మొహం కప్పుకుంది.

లుడీ మైకు వదిలి నడవబోతుంటే ముందు వరసలో ఫీలో చెవి వెనక చెయ్యి పెట్టుకుని కూతుర్ని గట్టిగా అడిగాడు.

"ఏమందావిడ?"

దెస్పినా అతని చెవి దగ్గరికి వంగింది. ఫీలో చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు చెప్పకు. ఆవిణ్ణే చెప్పమను."

హాల్లో అందరూ లుడీ వైపు చూశారు. అధ్యక్షుడు గడియారం చూసి, మీ సమయంలో ఇంకో నిమిషం మిగిలే ఉందండీ, అన్నాడు మెల్లిగా. లుడీ వెళ్లి చక్రాల కుర్చీ పక్కన నిలబడింది. ఇరవై అయిదేళ్లలో అంత దగ్గరగా అతని మొహం చూడలేదు. బాగా ముసలివాడైపోయాడు. ఆ సంగతి తెలియనట్టు ఇన్నాళ్లూ రోడ్డవతలనుంచే చూసింది.

ఆవిడ వంగి, ఒక్కో మాటా వినపడేలా చెప్పింది. "నీ హద్దు దగ్గర ఆపింది నేనే ఫీలో. కావాలనే ఆపాను. తప్పు నాది. నువ్వన్నదే నిజం."

ఫీలో తల ఆడించాడు. కళ్లు తడయ్యాయి గానీ తుడుచుకోలేదు.

"మొదటిసారే వినపడింది," అన్నాడు.

"మరి మళ్లీ ఎందుకు చెప్పించావు?"

"ఇరవై అయిదేళ్లు కాసుకు కూర్చున్నాను లుడీ. ఒక్కసారితో సరిపెట్టుకోమంటావా?" అతను అధ్యక్షుడి వైపు చూశాడు. "ఇంకా ఎంతుంది?"

"ముప్ఫై సెకన్లు," అన్నాడు అధ్యక్షుడు.

ఫీలో మళ్లీ చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. లుడీ ఇంకోసారి చెప్పింది.